ఫైల్ ఐకాన్లు, థంబ్‌నెయిళ్లు: ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ప్రోగ్రాములు వాటిని పొందే విధానం

ఫైల్ ఐకాన్ అంటే ఒక ఫైల్ ఏ రకానికి చెందినదో తెలిపే చిన్న బొమ్మ. థంబ్‌నెయిల్ లేదా సూక్ష్మచిత్రం అంటే ఆ ఫైల్‌లో ఉన్న విషయాన్నే కుదించి చూపే బొమ్మ. ఒక ఫోల్డర్‌లో వంద పీడీఎఫ్‌లు ఉంటే వాటన్నిటికీ ఐకాన్ ఒకటే ఉంటుంది, థంబ్‌నెయిళ్లు మాత్రం దేనికది వేరు. ఐకాన్ ఇవ్వడానికి చాలావరకు ఫైల్ పేరు చాలు. థంబ్‌నెయిల్ కావాలంటే ఫైల్‌ను తెరిచి, చదివి, దాని ఫార్మాట్‌ను విప్పక తప్పదు. వేగం, క్యాష్, భద్రత, గోప్యత విషయాల్లో ఈ రెండింటికీ కనిపించే తేడాలన్నీ ఈ ఒక్క భేదం నుంచే వస్తాయి.

ఫైల్ మేనేజర్లు, అటాచ్‌మెంట్లు చూపే మెయిల్ ప్రోగ్రాములు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్, ఫోటో నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఈ బొమ్మలను ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి అడిగి తీసుకుంటాయి. ప్రోగ్రామ్ తన సొంత బొమ్మలు పెట్టుకోవచ్చు. అయితే వాడుకరి తన కంప్యూటర్‌లో వర్డ్ ఫైల్‌కు ఏ బొమ్మ చూసి అలవాటు పడ్డాడో, ఏ థీమ్ ఎంచుకున్నాడో, ఏ సాఫ్ట్‌వేర్‌ను డిఫాల్ట్‌గా పెట్టుకున్నాడో తెలిసేది సిస్టమ్‌కే.

చరిత్ర

ఫైల్‌ను బొమ్మగా చూపే పద్ధతి వాణిజ్య కంప్యూటర్లలోకి 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్‌తో ప్రవేశించింది. 1983లో ఆపిల్ లీసా, 1984లో మాకింటాష్ దాన్ని కొనసాగించాయి. తొలి మాకింటాష్ ఐకాన్లను గీసింది సుసాన్ కేర్. మాకింటాష్‌లో ప్రతి ఫైల్‌కూ నాలుగు అక్షరాల చొప్పున రెండు గుర్తులు ఉండేవి. ఒకటి ఫైల్ రకాన్ని, రెండోది దాన్ని సృష్టించిన ప్రోగ్రామ్‌ను తెలిపేది. ఆ జంటను బట్టి మాకింటాష్ ఫైల్ మేనేజర్ అయిన ఫైండర్ ఐకాన్‌ను ఎంచుకునేది. పేరు చివర ఏముందన్న దానితో నిమిత్తం ఉండేది కాదు.

విండోస్ వేరే దారి పట్టింది. ఫైల్ పేరు చివరి ఎక్స్‌టెన్షనే అక్కడ రకానికి ఆధారం. 1995లో ఎక్స్‌ప్లోరర్‌తో పాటు వచ్చిన షెల్, ఐకాన్‌ను కోరే ఫంక్షన్లను ప్రోగ్రామర్లకు అందుబాటులోకి తెచ్చింది. థంబ్‌నెయిళ్లు ఆ తర్వాతి దశ. విండోస్ ఎక్స్‌పీ కాలంలో థంబ్‌నెయిళ్లుగా చూసిన ప్రతి ఫోల్డర్‌లోనూ థంబ్స్ డాట్ డీబీ అనే దాచిన ఫైల్ చేరి అందులో సూక్ష్మచిత్రాలు భద్రమయ్యేవి. 2007లో విడుదలైన విస్టా వాటన్నిటినీ వాడుకరి ప్రొఫైల్‌లోని ఒకే చోటికి మార్చింది. అదే ఏడాది ఆపిల్ తన లెపర్డ్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఫైల్‌ను ప్రోగ్రామ్‌లో తెరవకుండానే లోపలి విషయాన్ని చూపే క్విక్ లుక్‌ను ప్రవేశపెట్టింది. లినక్స్ డెస్క్‌టాప్‌లు థంబ్‌నెయిళ్లను ఒకదానితో ఒకటి పంచుకునేలా ఫ్రీడెస్క్‌టాప్ వేదిక ఉమ్మడి ప్రమాణాన్ని రూపొందించింది.

ఫైల్ రకం నుంచి బొమ్మ దాకా

ఏ సిస్టమ్‌లోనైనా ఐకాన్ వెతుకులాట మూడు అంచెల్లో సాగుతుంది. మొదట ఫైల్ రకం తేలాలి, తర్వాత ఆ రకానికి కేటాయించిన బొమ్మ ఎక్కడుందో తెలియాలి, చివరికి కోరిన సైజుకు సరిపోయే ప్రతి దొరకాలి.

మూడో అంచెను తేలిగ్గా తీసుకుంటే తెరపై బొమ్మ మసకబారుతుంది. ఐకాన్ ఫైల్ ఒకే బొమ్మ కాదు, పలు సైజుల బొమ్మల మూట. విండోస్ ఐకో ఫార్మాట్‌లో 16, 32, 48, 256 పిక్సెళ్ల ప్రతులు సాధారణంగా కలిసి ఉంటాయి. వెడల్పును అందులో ఒకే బైట్‌లో రాస్తారు. ఒక బైట్‌లో పట్టే పెద్ద సంఖ్య 255 కాబట్టి 256ను సూచించడానికి సున్నా రాసే ఆనవాయితీ ఏర్పడింది. ఈ సంగతి పట్టించుకోకుండా ఐకో ఫైళ్లను సొంతంగా చదివే కోడ్ పెద్ద బొమ్మను సున్నా వెడల్పు బొమ్మగా పొరబడుతుంది. ఆపిల్ ఐసీఎన్ఎస్ ఫార్మాట్‌లో 1024 పిక్సెళ్ల దాకా ప్రతులు ఉండవచ్చు. 16 పిక్సెళ్ల ప్రతిని సాగదీసి 48గా చూపడం కన్నా కోరిన సైజును ముందే చెప్పి సిస్టమ్ నుంచి సరైన ప్రతిని తీసుకోవడం అన్ని విధాలా మేలు.

విండోస్

రిజిస్ట్రీలో ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ ఒక రకపు పేరు, ఆ రకం కింద డిఫాల్ట్ ఐకాన్ అనే పద్దు ఉంటాయి. టీఎక్స్‌టీ ఎక్స్‌టెన్షన్ నుంచి టీఎక్స్‌టీఫైల్ అనే రకానికి, అక్కడి నుంచి ఇమేజ్‌రెస్ అనే డీఎల్ఎల్ ఫైల్‌కు, అందులోని ఫలానా బొమ్మకు దారి దొరుకుతుంది. డీఎల్ఎల్ పేరు తర్వాత కామా పెట్టి సంఖ్య రాస్తారు. ఆ సంఖ్య ధనాత్మకమైతే వరుస స్థానం, రుణాత్మకమైతే రిసోర్స్ గుర్తింపు సంఖ్య. ఈ గొలుసును రిజిస్ట్రీలోంచి నేరుగా చదివే ప్రోగ్రాములు ఉన్నాయి కానీ అది నమ్మదగిన పద్ధతి కాదు. వాడుకరి తన ఇష్టం మేరకు డిఫాల్ట్ ప్రోగ్రామ్‌ను మార్చుకుంటే ఆ ఎంపిక వేరే చోట నమోదవుతుంది. ఎక్జిక్యూటబుల్ ఫైళ్లకైతే ఐకాన్ ఆ ఫైల్‌లోనే ఉంటుంది. ఈ మినహాయింపులన్నీ తెలిసిన షెల్‌నే అడగడం మంచిది.

అందుకు ఎక్కువగా వాడే ఫంక్షన్ ఎస్‌హెచ్‌గెట్‌ఫైల్‌ఇన్ఫో. ఫైల్ మార్గం, ఏం కావాలో తెలిపే ఫ్లాగులు ఇస్తే అది ఐకాన్ హ్యాండిల్‌ను తిరిగి ఇస్తుంది. దీనికి ఉన్న ఫ్లాగుల్లో యూజ్‌ఫైల్‌ఆట్రిబ్యూట్స్ చాలా ఉపయోగకరమైనది. దాన్ని జోడిస్తే షెల్ డిస్క్‌ను తాకదు, ఇచ్చిన పేరులోని ఎక్స్‌టెన్షన్‌ను మాత్రమే చూసి బొమ్మ ఇస్తుంది. అసలు ఆ ఫైల్ లేకపోయినా ఫర్వాలేదు. జిప్ ఫైల్ లోపలి జాబితాకు, సర్వర్‌లో ఉండి ఇంకా దిగుమతి కాని ఫైళ్లకు ఐకాన్లు చూపడానికి ఇదే మార్గం.

తీసుకున్న హ్యాండిల్‌ను పని కాగానే డిస్ట్రాయ్‌ఐకాన్ ఫంక్షన్‌తో విడిచిపెట్టాలి. డాట్‌నెట్ వంటి చోట్ల మెమరీని చెత్త సేకరణ యంత్రాంగం చూసుకుంటుంది కనుక ఈ పని కూడా అదే చేస్తుందని చాలామంది అనుకుంటారు. బయటి నుంచి తెచ్చుకున్న హ్యాండిల్ బాధ్యత దానిది కాదు. ఒక్కో ప్రాసెస్‌కు డిఫాల్ట్‌గా 10,000 యూజర్ ఆబ్జెక్టుల పరిమితి ఉంది. వేల ఫైళ్ల జాబితా చూపుతూ హ్యాండిళ్లను విడవని ప్రోగ్రామ్ కొన్ని గంటలు బాగానే నడిచి, ఆ హద్దు తాకగానే కొత్త కిటికీలు, బటన్లు గీయలేని స్థితికి చేరుతుంది. పరీక్షల్లో బయటపడకుండా వాడుకరి దగ్గర బయటపడే లోపం ఇది.

పెద్ద ఐకాన్లకు సిస్టమ్ ఇమేజ్ లిస్ట్ ఉంది. దాన్ని ఎస్‌హెచ్‌గెట్‌ఇమేజ్‌లిస్ట్ ద్వారా పొందవచ్చు. స్మాల్ 16, లార్జ్ 32, ఎక్స్‌ట్రా లార్జ్ 48, జంబో 256 పిక్సెళ్లు అన్నవి సాధారణ తెరపై వాటి సైజులు. జంబో జాబితాతో ఒక చిక్కు ఉంది. 256 పిక్సెళ్ల ప్రతి లేని ఐకాన్‌ను అడిగితే ఖాళీ చతురస్రంలో ఎడమ పై మూలన 48 పిక్సెళ్ల బొమ్మ మాత్రమే వస్తుంది.

విస్టాతో వచ్చిన ఐషెల్‌ఐటమ్‌ఇమేజ్‌ఫ్యాక్టరీ ఇంటర్‌ఫేస్ ఐకాన్‌నూ థంబ్‌నెయిల్‌నూ ఒకే పిలుపులో కలిపింది. దానిలోని గెట్‌ఇమేజ్ పద్ధతికి సైజు ఇస్తే థంబ్‌నెయిల్ ఉంటే అదే, లేకపోతే ఐకాన్ ఇస్తుంది. ఐకాన్ మాత్రమే కావాలనీ, థంబ్‌నెయిల్ మాత్రమే కావాలనీ, క్యాష్‌లో ఉంటేనే ఇమ్మనీ ఫ్లాగుల ద్వారా చెప్పవచ్చు. తిరిగి వచ్చేది బిట్‌మ్యాప్ హ్యాండిల్ కనుక దీన్ని డిలీట్‌ఆబ్జెక్ట్‌తో విడవాలి. డాట్‌నెట్‌లో దీన్ని ఫ్రమ్‌హెచ్‌బిట్‌మ్యాప్‌తో మారిస్తే పారదర్శకత పోయి, ఐకాన్ చుట్టూ నల్లటి నేపథ్యం వస్తుంది. ఆల్ఫా విలువలను విడిగా కాపీ చేసుకోవాలి. డాట్‌నెట్‌లోనే ఉన్న ఎక్స్‌ట్రాక్ట్‌అసోసియేటెడ్‌ఐకాన్ ఒక్క వరుసలో పని ముగిస్తుంది కానీ 32 పిక్సెళ్ల బొమ్మకే పరిమితం.

కొత్త ఫైల్ ఫార్మాట్‌ను తయారుచేసిన సంస్థ తన థంబ్‌నెయిళ్లు ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించాలంటే ఐథంబ్‌నెయిల్‌ప్రొవైడర్ ఇంటర్‌ఫేస్‌ను అమలు చేసి రిజిస్టర్ చేయాలి. ఐకాన్ మూలన చేరే చిన్న గుర్తులు, అంటే ఓవర్‌లేలు, వేరే ఏర్పాటు. విండోస్ మొత్తం 15 ఓవర్‌లేలనే అనుమతిస్తుంది, వాటిలో 4 తన కోసం ఉంచుకుంటుంది. మిగిలిన 11 స్థానాల కోసం క్లౌడ్ నిల్వ ప్రోగ్రాములు, టార్టాయిస్‌గిట్ లాంటి వెర్షన్ కంట్రోల్ సాధనాలు పోటీ పడతాయి. ఓడిపోయిన ప్రోగ్రామ్ గుర్తులు ఏ హెచ్చరికా లేకుండా కనబడకుండా పోతాయి.

మాక్ ఓఎస్

ఐకాన్ కోసం ఎన్ఎస్‌వర్క్‌స్పేస్ తరగతిలోని ఐకాన్‌ఫర్‌ఫైల్ పద్ధతి సరిపోతుంది. వచ్చిన ఎన్ఎస్‌ఇమేజ్ సైజు 32 పాయింట్లుగా కనిపించినా దానిలో పలు సైజుల ప్రతులు ఇమిడి ఉంటాయి. గీసే ముందు సైజును మార్చుకుంటే సరైన ప్రతి దానంతటదే ఎంపికవుతుంది. ఫైల్ లేకుండా రకాన్ని బట్టి ఐకాన్ కావాలంటే 2020లో మాక్ ఓఎస్ 11తో వచ్చిన యూటీటైప్‌ను ఇచ్చి అడగవచ్చు.

థంబ్‌నెయిళ్లకు 2019 నుంచి మాక్ ఓఎస్ 10.15లోనూ ఐఓఎస్ 13లోనూ క్విక్‌లుక్‌థంబ్‌నెయిలింగ్ అనే ఫ్రేమ్‌వర్క్ ఉంది. దీని రూపకల్పన మెచ్చుకోదగినది. ఒకే అభ్యర్థనకు మొదట ఐకాన్, తర్వాత తక్కువ నాణ్యత గల థంబ్‌నెయిల్, చివరికి పూర్తి థంబ్‌నెయిల్ వరుసగా అందుతాయి. ప్రోగ్రామ్ ఏది వస్తే అది చూపుతూ పోవచ్చు. మిగతా వేదికల మీద ప్రోగ్రామర్ సొంతంగా అమర్చుకోవలసిన క్రమాన్ని ఇక్కడ సిస్టమే అందిస్తోంది. అభ్యర్థనలో సైజుతో పాటు స్కేల్ కూడా చెప్పాలి. రెటీనా తెరల్లో ఒక పాయింట్‌కు ప్రతి దిశలో రెండు పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి స్కేల్ 1గా వదిలేస్తే బొమ్మ మసకగా వస్తుంది.

లినక్స్

లినక్స్‌లో ఈ బాధ్యత కెర్నల్‌ది కాదు, డెస్క్‌టాప్ వాతావరణానిది. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ వేర్వేరు అయినా ఫ్రీడెస్క్‌టాప్ ప్రమాణాల వల్ల వాటి మధ్య పొత్తు కుదిరింది. ఫైల్ రకాన్ని మైమ్ పేరుతో గుర్తిస్తారు. షేర్డ్ మైమ్ ఇన్ఫో డేటాబేస్ ఎక్స్‌టెన్షన్‌నూ, అవసరమైతే ఫైల్ మొదటి బైట్లనూ చూసి అప్లికేషన్/పీడీఎఫ్ వంటి పేరును ఇస్తుంది. ఆ పేరులోని ఏటవాలు గీతను హైఫన్‌గా మారిస్తే ఐకాన్ పేరు వస్తుంది. ఆ పేరుగల బొమ్మను వాడుకరి ఎంచుకున్న థీమ్‌లో, అక్కడ లేకపోతే దాని మాతృ థీమ్‌లలో, చివరగా హైకలర్ అనే ఆధార థీమ్‌లో వెతుకుతారు. అక్కడా దొరక్కపోతే ‘ఆఫీస్ పత్రం’ వంటి సాధారణ ఐకాన్‌తో సరిపెడతారు. జీఐఓ లైబ్రరీలో ఫైల్ సమాచారాన్ని అడిగేటప్పుడు స్టాండర్డ్ ఐకాన్ అనే లక్షణాన్ని కోరితే ఈ పేర్ల వరుస మొత్తం ఒకేసారి చేతికి వస్తుంది.

థంబ్‌నెయిళ్ల ప్రమాణం ఇంకా పారదర్శకమైనది. వాడుకరి హోమ్ డైరెక్టరీలోని క్యాష్ కింద థంబ్‌నెయిల్స్ అనే డైరెక్టరీలో సైజుల వారీగా విభాగాలు ఉంటాయి: నార్మల్ 128, లార్జ్ 256, ఎక్స్-లార్జ్ 512, ఎక్స్ఎక్స్-లార్జ్ 1024 పిక్సెళ్లు. అసలు ఫైల్ పూర్తి చిరునామాను యూఆర్ఐ రూపంలో రాసి, దాని ఎమ్‌డీ5 విలువను లెక్కిస్తే 32 అక్షరాల పేరు వస్తుంది. థంబ్‌నెయిల్ ఆ పేరుతో పీఎన్‌జీ ఫైల్‌గా నిలుస్తుంది. పీఎన్‌జీ లోపల అసలు ఫైల్ చిరునామా, అది చివరిసారి మారిన సమయం రాసి ఉంటాయి. ఆ సమయం ఇప్పటి ఫైల్ సమయంతో కలవకపోతే థంబ్‌నెయిల్ పాతబడిందని అర్థం, మళ్లీ తయారుచేయాలి. తయారీ విఫలమైతే ఆ సంగతిని ఫెయిల్ అనే విభాగంలో నమోదు చేస్తారు. పాడైన వీడియోను ఫోల్డర్ తెరిచిన ప్రతిసారీ విప్పబోయి సమయం వృథా కాకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది.

తెలుగు ఫైల్ పేర్లు

తెలుగు పేరుగల ఫైళ్లతో పనిచేసే కోడ్‌కు కొన్ని ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. విండోస్‌లో తెలుగుకు ఆన్సీ కోడ్ పేజీ ఏనాడూ లేదు, యూనికోడ్ ద్వారానే తెలుగు నడిచింది. అందువల్ల షెల్ ఫంక్షన్ల పాత ఆన్సీ రూపాలకు తెలుగు పేరు ఇస్తే సాధారణంగా అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు చేరి ఫైల్ దొరకదు. యూనికోడ్ రూపాలను వాడాలి.

లినక్స్‌లో సమస్య మరో చోట ఉంది. యూఆర్ఐ రాసేటప్పుడు యూటీఎఫ్-8 బైట్లను శాతం గుర్తుతో రాయాలి. ‘తెలుగు’ అనే మాటలో ఆరు యూనికోడ్ సంకేతాలు, 18 బైట్లు ఉంటాయి, యూఆర్ఐలో అది 54 అక్షరాలు అవుతుంది. ఇందులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఎమ్‌డీ5 పూర్తిగా మారిపోతుంది, ఉన్న థంబ్‌నెయిల్ కూడా దొరకదు. ఐత్వం దగ్గర ఈ ప్రమాదం నిజంగానే పొంచి ఉంది. యూనికోడ్‌లో ఐత్వానికి ఒకే సంకేతం ఉన్నా, ఎత్వాన్నీ దాని అడుగున చేరే ఐ గుర్తునూ విడివిడిగా రాయడం కూడా దానితో సమానమే. ‘పైరు’ అనే పేరు మొదటి పద్ధతిలో 12 బైట్లు, రెండో పద్ధతిలో 15 బైట్లు. ఆపిల్ పాత ఫైల్ వ్యవస్థ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది. అక్కడ కట్టిన ఆర్కైవ్‌ను లినక్స్‌లో విప్పితే, తెరపై అదే ‘పైరు’ కనిపిస్తూ లోపల వేరే పేరుగా ఉండే ఫైల్ చేతికొస్తుంది. ప్రోగ్రామ్ పేరును తనంతట తాను సరిచేయకుండా, డిస్క్ ఇచ్చిన బైట్లను యథాతథంగా వాడి యూఆర్ఐ కట్టాలి.

ఆండ్రాయిడ్, బహుళ వేదికల లైబ్రరీలు

ఆండ్రాయిడ్ 10 నుంచి కంటెంట్‌రిజాల్వర్‌లోని లోడ్‌థంబ్‌నెయిల్ పద్ధతి సైజును తీసుకుని బిట్‌మ్యాప్ ఇస్తుంది. అంతకు ముందు ఫోటోలకు, వీడియోలకు మీడియాస్టోర్‌లో వేర్వేరు పద్ధతులు ఉండేవి. జావా స్వింగ్‌లో ఫైల్‌సిస్టమ్‌వ్యూ, క్యూటీలో క్యూఫైల్‌ఐకాన్‌ప్రొవైడర్, ఎలక్ట్రాన్‌లో యాప్ డాట్ గెట్‌ఫైల్‌ఐకాన్ పైన చెప్పిన సిస్టమ్ సేవలనే లోలోపల వాడుకుంటాయి. జావాలో కోరిన సైజులో ఐకాన్ తీసుకునే వీలు 17వ వెర్షన్‌లో గానీ రాలేదు.

వేగం, క్యాష్

12 మెగాపిక్సెళ్ల ఫోటోను, అంటే 4000×3000 పిక్సెళ్లను, పూర్తిగా విప్పితే మెమరీలో దాదాపు 48 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. దాని 256×192 థంబ్‌నెయిల్‌కు 200 కిలోబైట్లు కూడా పట్టవు. అందుకే థంబ్‌నెయిళ్లు తయారుచేసే కోడ్ దగ్గరి దారులు వెతుకుతుంది. కెమెరా ఫోటోల ఎక్సిఫ్ భాగంలో సాధారణంగా 160×120 సైజులో ఒక థంబ్‌నెయిల్ ముందే ఉంటుంది. చిన్న సైజు చాలినప్పుడు దాన్నే చదివితే సరి. అది చాలకపోతే జేపెగ్‌ను నేరుగా ఎనిమిదో వంతు సైజులో విప్పే సదుపాయం లిబ్‌జేపెగ్ లైబ్రరీలో ఉంది. పై ఫోటో అలా 500×375గా బయటికి వస్తుంది, పూర్తి బొమ్మ మెమరీలోకి రానే రాదు.

తెరను గీసే త్రెడ్‌లో థంబ్‌నెయిల్ అడగకూడదు. ఐకాన్‌ను కూడా వేరే త్రెడ్‌లో అడగడమే క్షేమం, ఎందుకంటే నెట్‌వర్క్ డ్రైవ్‌లోని ఫైల్ ఆచూకీకే కొన్ని సెకన్లు పట్టవచ్చు. విండోస్‌లో అలాంటి ప్రతి త్రెడ్‌లోనూ ముందుగా కామ్ (కాంపొనెంట్ ఆబ్జెక్ట్ మోడల్) వ్యవస్థను ప్రారంభించాలి. తెరపై కనిపిస్తున్న ఫైళ్లకే అభ్యర్థనలు పంపి, వాడుకరి స్క్రోల్ చేసి దాటిపోయిన వాటిని రద్దు చేయాలి. ఐకాన్లను ఎక్స్‌టెన్షన్ వారీగా, థంబ్‌నెయిళ్లను మార్గం, మారిన సమయం, సైజు మూడింటినీ కలిపి క్యాష్ చేయాలి. ఎక్జిక్యూటబుళ్లు, షార్ట్‌కట్‌లు, ప్రత్యేక ఐకాన్ పెట్టుకున్న ఫోల్డర్లు ఎక్స్‌టెన్షన్ సూత్రానికి లొంగవు.

క్లౌడ్ ఫైళ్ల రాకతో మరో ఖర్చు తోడైంది. 2017 నుంచి విండోస్ 10లో వన్‌డ్రైవ్ ఫైళ్లు పేరుకు మాత్రమే డిస్క్‌పై ఉండి, తెరిచినప్పుడు దిగుమతి అవుతాయి. ప్రోగ్రామ్ ఇలాంటి ఫైళ్లను సొంతంగా తెరిచి బొమ్మలు చేయబోతే ఫోల్డర్ మొత్తం దిగుమతి మొదలవుతుంది. ఫైల్ లక్షణాలను ముందే పరిశీలించి, అలాంటి వాటి విషయంలో షెల్‌నే అడగాలి, లేదా ఐకాన్‌తో ఆగాలి.

భద్రత, గోప్యత

బొమ్మ తయారుచేయడమంటే ఎవరో పంపిన ఫైల్‌ను వాడుకరి క్లిక్ చేయకముందే కోడ్ చదవడం. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వర్మ్ ఈ ప్రమాదాన్ని ప్రపంచానికి చూపింది. కంట్రోల్ ప్యానెల్ అంశాన్ని సూచించే షార్ట్‌కట్‌కు ఐకాన్ కావాలంటే విండోస్ షెల్ ఆ అంశపు డీఎల్ఎల్‌ను లోడ్ చేసేది. దాడి చేసినవారు యూఎస్‌బీ డ్రైవ్‌లో తమ డీఎల్ఎల్‌ను సూచించే షార్ట్‌కట్ పెట్టారు. ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫోల్డర్ తెరుచుకుంటే చాలు, దాడి కోడ్ నడిచేది. ఐకాన్‌కు ఫైల్ పేరే చాలన్న సూత్రానికి షార్ట్‌కట్ ఒక మినహాయింపు, ఆ మినహాయింపే దారి ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ 2010 ఆగస్టులో దీనికి ప్యాచ్ విడుదల చేసింది. 2017లో లినక్స్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ ఫైళ్లకు థంబ్‌నెయిళ్లు చేసే ఒక ప్రోగ్రామ్, ఫైల్ పేరులో ఇరికించిన స్క్రిప్ట్‌ను నడిపేస్తుందని తేలింది.

వీటికి విరుగుడుగా థంబ్‌నెయిల్ తయారీని వేరే ప్రాసెస్‌లో బంధించే పద్ధతి స్థిరపడింది. విండోస్ థంబ్‌నెయిల్ ప్రొవైడర్లను డిఫాల్ట్‌గా విడి ప్రాసెస్‌లో నడుపుతుంది. గ్నోమ్ 2017లో బబుల్‌ర్యాప్ శాండ్‌బాక్స్‌ను చేర్చింది. సొంతంగా బొమ్మలు విప్పే ప్రోగ్రాములు కూడా ఇదే పాటించడం అవసరం.

గోప్యత సంగతి క్యాష్‌తో ముడిపడింది. అసలు ఫైల్‌ను తొలగించినా దాని సూక్ష్మచిత్రం క్యాష్‌లో మిగిలి ఉండవచ్చు. డిజిటల్ ఫోరెన్సిక్ పరిశోధకులు థంబ్స్ డాట్ డీబీని, విస్టా తర్వాతి థంబ్‌క్యాష్ ఫైళ్లను సాక్ష్యాల కోసం పరిశీలించడం ఆనవాయితీ. ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవ్‌లోని చిత్రాల థంబ్‌నెయిళ్లను మాక్ ఓఎస్ క్విక్ లుక్ ఎన్‌క్రిప్షన్ లేని క్యాష్‌లో దాస్తోందని 2018లో భద్రతా పరిశోధకులు చూపారు. లినక్స్ ప్రమాణం థంబ్‌నెయిల్ డైరెక్టరీకి 700, ఫైళ్లకు 600 అనుమతులు తప్పనిసరి చేసి ఇతర వాడుకరుల కంట పడకుండా చూస్తుంది. అదే కంప్యూటర్‌లో అదే వాడుకరి పేరుతో నడిచే ఏ ప్రోగ్రామైనా మాత్రం వాటిని చదవగలదు.